ఎర్రదారం ముడి

కాజీపేటల బ్రిడ్జి దిగినంక
జామపండ్ల బండికీ పంక్చర్ల డబ్బాకూ నడుమ
ఏడడుగుల వెడల్పు నా దుకాణం.
బోర్డు లేదు.
హైదరాబాదు నుంచి వచ్చే పిల్లలు
వింటేజ్ షాప్ అంటరు.
మా అమ్మ కాలంల దీని పేరు
పాత బట్టలు.

అమ్మ నెత్తి మీద స్టీలు సామాన్ల గంప.
మట్టెవాడ గల్లీలల్ల
రెండు చీరలకొక టిఫిన్ డబ్బ,
జరీ ఉంటె మూత ఉన్న గిన్నె.
ఎవలేం చెప్పినా వినకపోయేది,
చీరను ఎండకు ఎత్తి పట్టేది.
"మనిషి నోటితోని చెప్తది,
గుడ్డ చిల్లులతోని చెప్తది" అనేది.

నా దగ్గర ఎండ లేదు, ట్యూబులైటున్నది.
అందుకే చీటీలు రాసి పిన్నీసుతోని గుచ్చుత:
కుడి చంక కింద చెమట మరక, పోదు.
గుండీలు నాలుగు పాతవి, ఒకటి మొన్న కుట్టింది.
గొల్లభామ చీర. కొంగు దానిదే, అంచు ఇంకో చీరది.
ఎన్నేండ్లదో నాకు తెల్వదు.

ఆ ఆఖరి చీటీ చదివి
సగం మంది వాపసు పోతరు.
పక్కదుకాణం రాజలింగు నవ్వుతడు,
"తెల్వదని రాసి అమ్మేదాన్ని నిన్నే సూసిన."
ఆయన దగ్గర
సిరిసిల్ల మరమగ్గం చీర నిన్న పొద్దున దిగి
రాత్రంత చాయ డికాక్షన్ల మునిగి
తెల్లారేసరికి
దొరసాని సందుగలది ఐతది.

దస్తగీర్ చాచ రఫ్ఫు చేస్తడు.
పోగు తీసి పోగుల కలిపితె
చిల్లు ఎక్కడుండెనో చిల్లుకే యాదికుండదు.
ఆ పని పక్కన నేనొక ఎర్రదారం ముడేసిన,
ఇక్కడ రఫ్ఫు ఉన్నదని.
చాచ అద్దాలు తీసిండు.
"కనపడొద్దనే గదనే బిడ్డా
నలభై ఏండ్లు కండ్లు పోగొట్టుకున్న.
నువ్వు వేలు పెట్టి సూపిస్తివి."

నెలరోజులు రాలే.
చిల్లుల కోట్లు మూలకు కుప్పవడ్డయి.
ఆయన తప్పో నా తప్పో ఇప్పటికీ తేలలే.
రంజాను ముందట వచ్చిండు,
ఏమనలే, కోటు అందుకున్నడు.
ఇప్పుడు ముడి ఆయనే వేస్తడు
నువ్వుగింజంత,
వెతికెటోనికే దొరికేటట్టు.

ఇంత చెప్పిన గదా.
గల్లపెట్టె కింది అరల ఒక రబ్బరుస్టాంపు ఉన్నది.
తహసీలాఫీసు ముందట చెక్కించిన, నూట యాభై.
మిల్లు పేరు, కింద నంబరు.
మూతవడ్డ మిల్లు గుడ్డకు
గిరాకి లేసిన సాలు అది.
ఎందుకు చేసినవంటె చెప్పను,
కారణం గూడ ఒక తీరు డికాక్షనే.
ఒక్క దుప్పటికి కొట్టిన. ఒక్కటే.

దాన్ని కొననీకి వచ్చినాయన పేరు ఓదేలు.
ఆజంజాహిల స్పిన్నింగు ఖాతల చేసినోడట.
స్టాంపు దిక్కు చూడనే లేదు.
రెండు వేళ్ల నడుమ గుడ్డను నలిపిండు,
చెవి దగ్గర పెట్టి రాసిండు,
ఆరుగంటల సైరను
అండ్ల ఏమన్న మిగిలిందా అన్నట్టు.
"మనది కాదు బిడ్డా" అన్నడు.
అని, పైసలు లెక్కపెట్టి ఇచ్చిండు.
"పేరన్న ఉన్నది"
అనుకుంట మడత పెట్టుకొని పోయిండు.

నేను ఎనుకకు పిలువలే.
పిలిస్తె ఏమని పిలువాలె?
జామపండ్లామె తూకం ఏసుడు ఆపి
నా మొఖం చూసింది.

ఆ దుప్పటికి గుచ్చాల్సిన చీటీ
అదే రాత్రి రాసిన.
ఇంటి పేరు తెల్వది, గల్లీ తెల్వది,
గల్లపెట్టెలనే ఉన్నది, పిన్నీసు తుప్పువట్టింది.

స్టాంపు నాది.
పాతదనం నాది.
గుడ్డ ఎవలు నేసిండ్రో తెల్వదు.